ఒకే హీరో, ఒకే సంగీత దర్శకుడు, ఒకే ఏడాది: దర్శకుడి కెమెరా మూడ్‌ని ఎలా మారుస్తుందో పట్టుకోవడం ఎలా

1989 మే నెలలో గీతాంజలి వచ్చింది, అదే ఏడాది అక్టోబరులో శివ వచ్చింది. రెండింటిలోనూ హీరో నాగార్జునే, రెండింటికీ సంగీతం ఇళయరాజాదే. అయినా ఒకటి చూసి లేచినప్పుడు మనసు మెత్తబడి ఉంటుంది, ఇంకోటి చూసి లేచినప్పుడు పిడికిలి బిగిసి ఉంటుంది. విచిత్రం ఏంటంటే, కథ మాత్రమే వింటే ఇది తిరగబడాలి. గీతాంజలిలో హీరో చావుకి దగ్గర్లో ఉన్నాడు, హీరోయిన్ కూడా చావుకి దగ్గర్లోనే ఉంది. శివలో ఉన్నది కాలేజీ కుర్రాళ్ళు, క్యాంటీన్ కబుర్లు, ఓ ప్రేమకథ. మరి చావు కథ దుప్పటి కప్పినంత వెచ్చగా, కాలేజీ కథ గొంతు పట్టుకున్నంత టెన్షన్‌గా ఎందుకు ఉన్నాయి?

దానికి చాలా భాగం జవాబు దృశ్యంలో ఉంది. గీతాంజలి వెనక దర్శకుడు మణిరత్నం, ఛాయాగ్రాహకుడు పి.సి.శ్రీరామ్. శివ వెనక అప్పుడే మొదటి సినిమా తీస్తున్న రామ్‌గోపాల్ వర్మ, ఛాయాగ్రాహకుడు ఎస్.గోపాలరెడ్డి. నాకు అర్థమైనంతవరకు దర్శకుడి శైలి అంటే అందమైన షాట్లు కాదు. వెలుగు ఎటు నుంచి రావాలి, కెమెరా మనిషికి ఎంత దూరంలో ఉండాలి, ఎప్పుడు కదలాలి, షాట్ ఎంతసేపు ఉండాలి అనే నాలుగు ప్రశ్నలకి సినిమా మొత్తం దాదాపు ఒకేలా జవాబు చెప్పడం. ఆ జవాబులు మారకుండా వస్తుంటే రెండు గంటల్లో మనకి తెలియకుండానే ఒక వాతావరణం పట్టుకుంటుంది. ఆ జవాబుల్ని ఎలా వెతకాలి, తర్వాత చేతిలో ఉన్న ఫోన్‌తో ఎలా ప్రయత్నించాలి అన్నది ఒక్కో మెట్టుగా చెప్తాను. ఈ రెండు సినిమాలూ పక్కన పెట్టుకుని చదివితే ఇంకా బాగుంటుంది.

మొదటి మెట్టు: సౌండ్ తీసేయండి

ఇది చేయకపోతే మిగతావన్నీ వృథా. ఇళయరాజా సంగీతం వినిపిస్తుంటే మన కంటికి పని చెప్పే అవకాశమే ఉండదు, ఆ వయొలిన్లే అన్నీ చెప్పేస్తాయి. కాబట్టి మీకు బాగా గుర్తున్న సన్నివేశం ఒకటి ఎంచుకోండి, అయిదు నిమిషాలు చాలు. మొత్తం మ్యూట్‌లో చూడండి. ఒక్కసారి కాదు, మూడుసార్లు. మొదటిసారి కథే కనిపిస్తుంది, అది సహజం, మనకి మాటలు గుర్తుంటాయి కాబట్టి మనసులో డైలాగులు నడుస్తుంటాయి. రెండోసారికి ముఖాలు కనిపిస్తాయి. మూడోసారి చూస్తున్నప్పుడు గాని గోడలు, కిటికీలు, నీడలు కనపడవు. ఆ మూడోసారి కనిపించినవే మనకి కావాలి.

చూస్తూ ఒకే ఒక్క మాట రాసుకోండి: మీకు ఏమనిపించింది? "బాగుంది" అని రాయకండి, అది ఎందుకూ పనికిరాదు. "చలిగా ఉంది", "ఇరుకుగా ఉంది", "ఎవరో చూస్తున్నట్టుంది", ఇలా ఒంటికి తెలిసే మాట రాయండి. ఇక మీద చేసేదంతా ఆ మాట ఎక్కడి నుంచి పుట్టిందో వెతకడమే.

రెండో మెట్టు: వెలుగు ఎటు నుంచి వస్తోంది

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే నా దృష్టిలో మూడ్‌లో సగం ఇక్కడే ఉంది.

గీతాంజలిలో ఏదైనా ఊటీ సీన్ దగ్గర ఆపి ముక్కు నీడ ఎటు పడిందో చూడండి. చాలా షాట్లలో వెలుగు మనిషి వెనక నుంచి, లేదంటే పక్క నుంచి వస్తుంది. జుట్టు చుట్టూ, భుజాల మీద వెలుగు అంచు కనిపిస్తుంది, ముఖం మాత్రం కొంచెం నీడలో ఉంటుంది. సినిమావాళ్ళు దీన్నే బ్యాక్‌లైట్ అంటారు. పి.సి.శ్రీరామ్ దీన్ని ఊటీ మంచుతో కలిపారు, అసలు మాయ అంతా ఆ కలయికలో ఉంది. మంచు అంటే గాల్లో తేలే సన్నని నీటి బొట్లు. వెలుగు వాటికి తగిలినప్పుడు ఎక్కువ భాగం వచ్చిన దారిలోనే ముందుకి చెదురుతుంది. అందుకే సూర్యుడు మంచు వెనక ఉండి కెమెరా ఇటువైపు ఉంటే మంచు వెలిగిపోతుంది. అదే సూర్యుడు మన వీపు వెనక ఉంటే ఆ మంచే పాలిపోయి పలచబడుతుంది, ఉందో లేదో కూడా తెలియదు. చలికాలం పొద్దున్నే పొలం గట్టు మీద నిలబడి ఒకసారి తూర్పుకి, ఒకసారి పడమరకి తిరిగి చూస్తే ఇది మీకే తెలుస్తుంది.

ఇప్పుడు దీనికీ కథకీ సంబంధం చూడండి. చనిపోబోయే ఇద్దరు మనుషులు. వాళ్ళ ముఖాలు పూర్తిగా వెలుగులో పెడితే జబ్బు కనిపిస్తుంది. వెలుగుని వెనక్కి పంపేసరికి మనిషి అంచులు కరిగిపోయినట్టు, ఉన్నాడా లేడా అన్నట్టు అనిపిస్తాడు. చావు అన్న మాట ఎవరూ పలకకుండానే అది ఫ్రేమ్‌లో ఉంటుంది, పైగా అందంగా ఉంటుంది, భయపెట్టదు. ఆ వెచ్చదనం నాకు అక్కడి నుంచి వచ్చిందనే అనిపిస్తుంది.

శివకి రండి. పగటి సీన్లు చాలావరకు మామూలు ఎండలో, మామూలు వీధుల్లో ఉంటాయి. గోడలు గోడల్లాగే, చెమట చెమటలాగే కనిపిస్తాయి. వెలుగు దేన్నీ దాచదు. "ఇది సినిమా కాదు, మీ వీధి చివరే జరుగుతోంది" అన్న భావన దానివల్లే. రౌడీయిజం మీద అంతకుముందూ సినిమాలు వచ్చాయి, కానీ అవి సెట్‌లా కనిపించేవి. ఇక్కడ దెబ్బ పడితే మనకి తెలిసిన చోట పడినట్టుంటుంది.

వెలుగు గురించి మాట్లాడుతున్నాం కాబట్టి మాయాబజార్ గుర్తు చేయకపోతే తప్పవుతుంది. 1957 సినిమా, కె.వి.రెడ్డి దర్శకత్వం, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. "లాహిరి లాహిరి లాహిరిలో" పాటలో వెన్నెల చూసి ఇప్పటికీ జనం అది నిజం వెన్నెలే అనుకుంటారు. కొన్ని సెకన్ల షాట్లు మాత్రం మద్రాసు దగ్గరి ఎన్నూరులో తీశారు, మిగతాదంతా స్టూడియోలో లైట్లతో పుట్టించిన వెన్నెల. అది నలుపు తెలుపు సినిమా అన్నది మర్చిపోకండి. చల్లదనం చూపించడానికి బార్ట్లే చేతిలో నీలం రంగు లేదు. నీటి మీద మెరుపు, ముఖాల మీద మెత్తటి వెలుగు, చుట్టూ చీకటి, ఈ మూడే ఉన్నాయి. అవే చాలాయి.

మీరు చేయాల్సింది ఇది. మీరు ఎంచుకున్న అయిదు నిమిషాల్లో పది చోట్ల ఆపండి. ప్రతిచోటా మూడు విషయాలు రాయండి: నీడ ఎటు పడింది, నీడ అంచు గీత గీసినట్టు ఉందా లేక కరిగినట్టు ఉందా, ముఖంలో ఎంత భాగం చీకట్లో ఉంది. పదిలో ఏడెనిమిది చోట్ల ఒకే జవాబు వస్తే ఆ దర్శకుడి అలవాటు దొరికినట్టే. మిగతా రెండు మూడు చోట్ల ఎందుకు మారిందో చూడండి, సాధారణంగా కథ మలుపు తిరిగేది అక్కడే.

మూడో మెట్టు: కెమెరా ఎంత దూరంలో నిలబడింది

జూమ్ చేసి దగ్గరగా చూపించడం వేరు, కెమెరా నిజంగా దగ్గరికి వెళ్ళడం వేరు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. తేడా తెలియాలంటే ముఖాన్ని కాదు, వెనక ఉన్నదాన్ని చూడండి. వెనక చెట్లు, కొండలు మనిషికి అతుక్కుపోయినట్టు దగ్గరగా, మసగ్గా ఉంటే కెమెరా దూరంగా ఉండి పొడవాటి లెన్స్ (దూరపువాటిని దగ్గరగా చూపించేది) వాడారు. వెనక వీధి అంతా దూరం దూరంగా, స్పష్టంగా కనిపిస్తే కెమెరా దగ్గరగా ఉండి వైడ్ లెన్స్ (ఎక్కువ వెడల్పు చూపించేది) వాడారు.

పొడవాటి లెన్స్‌లో ఒక గుణం ఉంది: మనిషి మనవైపు నడిచొస్తున్నా ఎంతకీ దగ్గరపడడు. కల లాగా ఉంటుంది. ప్రేమకథలకి, ఎదురుచూపులకి అది అంతగా నప్పడానికి కారణం అదే. వైడ్ లెన్స్‌లో తలకిందులు. నాలుగు అడుగులు వేసేసరికి మనిషి ఫ్రేమ్ నిండా వచ్చేస్తాడు. కొట్టడానికి వచ్చేవాడు అలా వస్తే మనం కుర్చీలో వెనక్కి జరుగుతాం.

శివలో సైకిల్ చైన్ సీన్ చూడండి, అదీ సౌండ్ లేకుండా. చైన్ తెంపే ఆ చప్పుడు అప్పట్లో థియేటర్లని ఊపేసింది కాబట్టి అందరం చప్పుడునే గుర్తుపెట్టుకున్నాం. చప్పుడు తీసేసినా ఆ బిగుతు పోదు. నిలబడి ఉన్న సైకిల్, దాని మీద పడిన చెయ్యి, లాగడం, అంతే. ఆయుధం ఎక్కడి నుంచో రాలేదు, ప్రతి కాలేజీ స్టాండులో ఉండే సైకిల్లోంచి వచ్చింది. రోజూ చూసే వస్తువుని అంత దగ్గరగా చూపించడం వల్ల దాని అర్థమే మారిపోయింది. ఆ తర్వాత మన రాష్ట్రంలో సైకిల్ చైన్‌ని మామూలుగా చూసిన కుర్రాడు ఉండి ఉండడు!

నాలుగో మెట్టు: కెమెరా ఎప్పుడు కదిలింది

కెమెరా కదిలిందా లేదా అని కాదు, మనిషి కంటే ముందు కదిలిందా, మనిషితో పాటా, మనిషి తర్వాతా అని చూడండి. ముందే కదిలితే ఏదో జరగబోతోందని కెమెరాకి తెలిసినట్టుంటుంది, మనకి గుండె దడ. మనిషితో పాటు కదిలితే మనం కూడా అతనితోనే ఉన్నట్టుంటుంది. మనిషి వెళ్ళిపోయాక కూడా కెమెరా అక్కడే ఉండిపోతే ఖాళీతనం, దిగులు.

శివలో స్టెడీక్యామ్ వాడకం గురించి వినే ఉంటారు, మన దేశంలో దాన్ని అంత గట్టిగా వాడిన తొలి సినిమాల్లో అదొకటి. స్టెడీక్యామ్‌ని గారెట్ బ్రౌన్ అనే అమెరికన్ 1970లలో తయారుచేశాడు. కెమెరామెన్ ఒంటికి ఒక జాకెట్ లాంటిది కట్టుకుంటాడు, దానికి స్ప్రింగుల చెయ్యి, ఆ చేతికి కెమెరా. మనిషి పరిగెత్తినా కెమెరా కుదుపు లేకుండా తేలుతూ వస్తుంది. అంతకుముందు కదిలే షాట్ కావాలంటే పట్టాలు పరిచి ట్రాలీ తోయాలి, లేదా కెమెరా చేత్తో పట్టుకుని కుదుపులు భరించాలి. పట్టాలు మలుపు మలుపుకీ తిరిగే సందుల్లోకి రావు కదా.

సైకిల్ మీద శివ, ముందు కడ్డీ మీద అన్న కూతురు, వెనక రౌడీల కారు, ఆ ఛేజ్ ఇప్పుడు చూసినా ఊపిరి బిగబడుతుంది. ఎందుకంటే కెమెరా ఎక్కడో మేడ మీద నిలబడి చూడటం లేదు, సందులో ఉంది, చక్రం ఎత్తులో ఉంది, వాళ్ళతోనే పరుగెడుతోంది. ఆ పాపకి ఏమవుతుందో అన్న భయం కథ వల్ల వచ్చిందే, కాదనను, కానీ అదే సీన్ దూరం నుంచి నిలబెట్టిన కెమెరాతో తీసి ఉంటే మనం చూసేది ఛేజ్ మాత్రమే, ఉండేది అందులో కాదు.

ఇక శివలో విలన్ భవానీ. ఆ పాత్రలో రఘువరన్ కదలడు, అరవడు. చుట్టూ అంతా పరుగు పెట్టే సినిమాలో ఒక్క మనిషి నిదానంగా ఉంటే అతనే అందరికంటే భయంకరం అవుతాడు. ఇది నటన, దర్శకత్వం రెండూ కలిసిన నిర్ణయం. దీన్ని పట్టుకోవాలంటే అతను ఉన్న సీన్, దాని ముందు సీన్ పక్కపక్కన చూడాలి, విడిగా చూస్తే సగమే తెలుస్తుంది.

అయిదో మెట్టు: షాట్లు లెక్కపెట్టండి

ఇది కొంచెం విసుగు పని, కానీ పది నిమిషాల్లో అయిపోతుంది. అయిదు నిమిషాలంటే 300 సెకన్లు. మ్యూట్‌లో చూస్తూ కట్ పడిన (ఒక షాట్ తెగి ఇంకోటి మొదలైన) ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీయండి. 60 షాట్లు వచ్చాయనుకోండి, సగటున షాట్‌కి 5 సెకన్లు. 30 వస్తే 10 సెకన్లు. ఆ అంకె కంటే ముఖ్యం, గీతలు ఎక్కడ గుంపుగా ఉన్నాయి, ఎక్కడ పలచబడ్డాయి అన్నది. కాబట్టి గీతలు నిమిషానికి ఒక వరుసగా గీయండి. సీన్ ఊపిరి ఎక్కడ తీసుకుందో, ఎక్కడ బిగబట్టిందో కాగితం మీదే కనిపిస్తుంది.

రంగు గురించి తక్కువే చెప్తాను. పాత సినిమాలు యూట్యూబ్‌లో ఒక్కో ప్రింట్ ఒక్కో రంగులో ఉంటుంది, ఒకటి ఎర్రబారి, ఇంకోటి నీలంగా. దాన్ని చూసి "దర్శకుడు ఈ రంగు ఎంచుకున్నాడు" అని తేల్చేయడం పొరపాటు. బట్టలు, గోడలు, సామాన్లు చూడండి, వాటి మధ్య తేడా ఏ ప్రింట్‌లోనైనా తెలుస్తుంది.

ఫ్రేమ్‌లో మనిషిని ఎక్కడ నిలబెట్టారు అన్నదానికి మాత్రం బాపు సినిమాల దగ్గరికి వెళ్ళండి. ఆయన షాట్లను ముందే బొమ్మలుగా గీసుకునే మనిషి. ముత్యాల ముగ్గు (1975) చూస్తూ ఎక్కడ ఆపినా బొమ్మలాగే ఉంటుంది. ఆ సినిమాకి ఇషాన్ ఆర్యకి ఛాయాగ్రహణంలో జాతీయ అవార్డు కూడా వచ్చింది.

ఆరో మెట్టు: ఇప్పుడు మీరు తీయండి

చూడటం దగ్గరే ఆగిపోతే ఇదంతా సమాచారంగా మిగిలిపోతుంది. ఒక మనిషి, ఒక కిటికీ, ఒక కుర్చీ, ఒక ఫోన్ చాలు. అదే మనిషి కుర్చీలో కూర్చుని టీ తాగడాన్ని రెండు మూడ్‌లలో, నిమిషం నిమిషం చొప్పున తీయాలి. నటించమని చెప్పకండి, టీ తాగమనండి చాలు.

ముందు ఫోన్ సంగతి. ఫోన్ తనంతట తాను వెలుగు సర్దేస్తుంటుంది, చీకటిగా ఉండాల్సినదాన్ని కూడా తెల్లగా చేసేస్తుంది, మూడ్ చచ్చిపోయేది అక్కడే. స్క్రీన్ మీద ముఖం దగ్గర కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు), ఫోకస్ లాక్ అవుతాయి. తర్వాత వెలుగు తగ్గించే గుర్తుని కొద్దిగా కిందకి లాగండి. ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనపడేలా రంగు సర్దేది) కూడా ఒకచోట కట్టేయండి, పగటి వెలుగుకి 5600 కెల్విన్ దగ్గర, పాతకాలం పసుపు బల్బుకి 3000 దగ్గర. ఇంట్లో లైట్ల కింద తీస్తే షట్టర్ వేగం 1/50 సెకను గాని 1/100 గాని పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వేరేది పెడితే కొన్ని లైట్ల కింద వీడియోలో చారలు కదులుతూ కనిపిస్తాయి. నేను మొదటిసారి షార్ట్ ఫిల్మ్ తీసినప్పుడు ఇది తెలియక రాత్రంతా తీసిన సీన్ మొత్తం చారలతో పోయింది. అందులో నటించిన మా బాబాయి మళ్ళీ అంతసేపు కూర్చోలేకపోయారు, ఆ సీన్ ఇప్పటికీ లేదు.

మొదటి నిమిషం గీతాంజలి వైపు. కుర్చీని కిటికీకి ముందు, కొంచెం పక్కగా వేయండి, కెమెరా కిటికీకి ఎదురుగా. గది లైట్లన్నీ ఆర్పేయండి. ట్యూబ్‌లైట్ ఒక్కటి వెలుగుతున్నా మొత్తం పాడవుతుంది. ఊటీ మంచు మన దగ్గర ఉండదు కాబట్టి సాంబ్రాణి వేయండి, కిటికీకీ మనిషికీ మధ్య, కొంచెం దూరంలో, తలుపు మూసి రెండు నిమిషాలు ఆగితే పొగ సమంగా పరుచుకుంటుంది. వెనక వెలుగు పడేసరికి ఆ పొగ వెలుగుతుంది. ముఖం మరీ నల్లగా అయిపోతే లైటు వేయకండి, కెమెరా పక్కన తెల్లదుప్పటి గాని థర్మోకోల్ షీటు గాని పట్టుకోండి, కిటికీ వెలుగే దాని మీద పడి మెత్తగా ముఖానికి వస్తుంది. బెంగాలీ దర్శకుడు సత్యజిత్ రాయ్ 1956లో అపరాజితో సినిమా తీసినప్పుడు కాశీ ఇంటి లోగిలిని స్టూడియోలో సెట్ వేశారు. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర పైన తెల్లగుడ్డ కట్టి, లైట్ల వెలుగుని దాని మీద కొట్టి కిందకి రప్పించాడు, ఆకాశం నుంచి వచ్చే నీడ వెలుగులా కనపడాలని. మీ దుప్పటీ చేస్తున్నది అదే పని. ఇక కెమెరాని గదిలో వీలైనంత వెనక్కి తీసుకెళ్ళి రెండింతల జూమ్ పెట్టండి, స్టాండ్ మీద పెట్టి కదపకండి. మనిషి టీ తాగి లేచి వెళ్ళాక కూడా పది సెకన్లు రికార్డింగ్ ఆపకండి.

రెండో నిమిషం శివ వైపు. పొగ పోయేదాకా తలుపు తీసి ఉంచండి. కుర్చీని తిప్పి ఎండ నేరుగా ముఖం మీద పడేలా వేయండి, మధ్యాహ్నం అయితే ఇంకా మంచిది. జూమ్ తీసేసి కెమెరాని మోకాలి ఎత్తులో పట్టుకుని మీరు దగ్గరికి నడవండి, మోకాళ్ళు కొంచెం వంచి, అడుగు మెత్తగా వేస్తే కుదుపు తగ్గుతుంది. మనిషి గ్లాసు ఎత్తకముందే మీరు గ్లాసు వైపు కదలడం మొదలుపెట్టండి. తర్వాత ఎడిటింగ్‌లో ఈ నిమిషాన్ని పదిహేను ముక్కలు చేయండి, మొదటి నిమిషాన్ని రెండు ముక్కలకి మించి కోయకండి.

ఆఖరి మెట్టు: వేరేవాళ్ళకి చూపించండి

మీకు ఏం తీయాలనుకున్నారో తెలుసు కాబట్టి మీ కన్ను నమ్మదగ్గది కాదు. సినిమా భాష తెలిసిన స్నేహితులకి కాకుండా ఇంట్లోవాళ్ళకి చూపించండి. సౌండ్ లేకుండా, ఏమీ చెప్పకుండా. "ఎలా ఉంది" అని అడక్కండి, "ఈ మనిషికి ఏమయ్యుంటుంది" అని అడగండి. రెండు నిమిషాలకీ ఒకే జవాబు వస్తే వెలుగు దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టండి, తొంభై పాళ్ళు తప్పు అక్కడే ఉంటుంది.

మా అమ్మకి చూపించాను. మొదటిది చూసి కాసేపు ఏమీ అనలేదు, ఖాళీ కుర్చీ మీద ఆ పది సెకన్లు అయ్యాక, "ఈ పిల్లాడి వాళ్ళమ్మ పోయిందా?" అంది. రెండోది చూసి, "ఆ గ్లాసులో ఏదైనా కలిపారా ఏంటి?" అంది. రెండింట్లోనూ ఉన్నది మా తమ్ముడే, తాగింది ఆవిడ పెట్టిన టీయే.